చేపల ఊట దాచకండి

హైదరాబాదులో వియత్నాం వంటలు వడ్డిస్తున్న హోటళ్ల యజమానులకు, వంట మాస్టర్లకు,



నేను బందరులో పుట్టి పెరిగి, ముప్పయ్యేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నదాన్ని. పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. పోయిన నెల మీలో ఒకరి హోటల్లో మా తోటికోడలు గిన్నె ముందు నుంచి లేచి వెళ్లి, నోరు పుక్కిలించి వచ్చి, ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా కూర్చుంది. ఆవిడ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆవిడను అక్కడికి తీసుకెళ్లింది నేను కాబట్టి ఆ మాటలు నేనే అనాలి. ఆ హోటల్ పేరు రాయను. రాస్తే అది ఒక్క యజమానితో తగువుగా తేలిపోతుంది. నేను అడగాల్సింది మీ అందరినీ.

అక్కడ ఏం జరిగిందో చెప్పే ముందు, ఈ తిండి నేను మొదట ఎక్కడ తిన్నానో చెప్పాలి. అది చెప్పకపోతే నా బాధ మీకు తలకెక్కదు.

రెండేళ్ల కిందట మా అమ్మాయి పురిటికని కాలిఫోర్నియాలోని శాన్ హోజే వెళ్లాను. లక్ష మందికి పైగా వియత్నామీయులు ఉన్న ఊరది. స్టోరీ రోడ్డు మీద కొంత దూరం దుకాణాల బోర్డులన్నీ వాళ్ల భాషలోనే ఉంటాయి. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయాక దేశం విడిచిపెట్టి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు నిలబెట్టుకున్న బజారు. మనవడికి మూడో నెల వచ్చాక ఒక ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి, "ఇన్నాళ్లూ నువ్వు నాకు పథ్యం వండిపెట్టావు, ఇవాళ నేను నీకు తినిపిస్తాను, పద" అని అక్కడికి తీసుకెళ్లింది.

"పొద్దున్నే మాంసం నీళ్లేమిటే?" అన్నాను.

"వాళ్లకిది పొద్దుటి టిఫినే అమ్మా. మనకి ఇడ్లీ ఎలాగో అలాగ."

హోటల్ చిన్నదే. పది బల్లలుంటాయేమో. గిన్నె కంటే ముందు ఒక పళ్లెం నిండా ఆకులు తెచ్చిపెట్టారు. పుదీనా గుర్తుపట్టాను. కొత్తిమీర వాసన వేసే పొడుగాటి ఆకు ఒకటి ఉంది, దాని అంచు రంపంలా ఉంటుంది. అది నాకు కొత్త. మొలకెత్తిన పెసలు, నిమ్మచెక్కలు, సన్నటి మిరపకాయలు. ఇంకో రెమ్మ చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూసేసరికి మా బందరు ఇంటి పెరడు కళ్ల ముందు నిలిచింది. ఊదారంగు కాడ, తులసిని పోలిన ఆకు, కాస్త సోంపు వాసన. మన రుద్రజడకు తోబుట్టువు. మనం దాని సబ్జా గింజలు నానబెట్టి తాగి, ఆకు వదిలేస్తాం. వాళ్లు ఆకు తింటారు.

తర్వాత గిన్నె వచ్చింది. దాని పేరు ఫో అని రాస్తారు కానీ పలకడం 'ఫ'కు దగ్గరగా, గొంతు కాస్త దించి, ప్రశ్న అడుగుతున్నట్టు పైకి లేపి పలుకుతారు. మాది కోడితో చేసింది. అడుగున తెల్లటి వరి సేమ్యా, రిబ్బను ముక్కల్లా వెడల్పుగా. పైన చీల్చిన కోడి మాంసం, పల్చగా తరిగిన ఉల్లి. నీళ్లు తేటగా, లేత బంగారు రంగులో, అడుగున సేమ్యా కనిపించేంత నిర్మలంగా ఉన్నాయి. ఆకులన్నీ అందులో తుంచి వేయబోతుంటే హోటల్ పెద్దావిడ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. చెంచా చూపించి, ఏమీ కలపకుండా ముందు ఆ నీళ్లు తాగమని సైగ చేసింది.

తాగాను. అనాస పువ్వు, దాల్చినచెక్క, లవంగం, కాల్చిన అల్లం. అన్నీ తెలిసినవే. కానీ ఒక్కటీ ముందుకొచ్చి అరవడం లేదు. ఎముకల్లోని సారమంతా నెమ్మదిగా దిగిన రుచి. ఆ రుచికి అడుగున ఇంకేదో ఉంది, నాకు బాగా తెలిసిందే, పేరు మాత్రం తట్టలేదు.

పేరు తట్టింది చుట్టల దగ్గర. పల్చటి వరి రేకులో రొయ్యలు, సేమ్యా, ఆకులు పెట్టి చుట్టి, పక్కన చిన్న గిన్నెలో తేనెరంగు పులుసు పోసి ఇచ్చారు. నిమ్మరసం, చక్కెర, నీళ్లు, దంచిన వెల్లుల్లి, మిరప తునకలు, వాటన్నిటి వెనక అదే రుచి. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నెత్తళ్లు! మా అమ్మ చాటలో ఎండబెట్టి, వంకాయతో వండే నెత్తళ్లు. బల్ల మీద సీసా తీసి మా అమ్మాయి చదివి వినిపించింది. అందులో ఉన్నవి నెత్తళ్లు, ఉప్పు, అంతే.

దాన్ని వాళ్లు నూక్ మామ్ అంటారు. నేను చేపల ఊట అంటాను. మాగాయ పెట్టేటప్పుడు ముక్కలకు ఉప్పు పట్టిస్తే మూడోనాటికి ఊట దిగుతుంది చూడండి, అచ్చం అదే పని. మూడు పాళ్ల చేపకు ఒక పాలు ఉప్పు కలిపి పెద్ద పెద్ద చెక్క తొట్లలో పోసి బరువు పెడతారు. దాదాపు ఏడాది అలా ఉంచుతారు. చేప కరిగి, తేటపడి, అడుగునున్న గొట్టం నుంచి ఎర్రటి ఊట చుక్కచుక్కగా దిగుతుంది. మొదట దిగిన ఊటకు విలువెక్కువ. ఫాన్ తియెత్ తీరం, ఫూ కువాక్ దీవి ఈ ఊటకు పేరుపడ్డవి. ఫూ కువాక్ ఊటకు 2012లో ఐరోపా సమాఖ్య కూడా రక్షణ ఇచ్చింది. మరో చోట తయారు చేసి ఆ పేరు పెట్టి ఐరోపాలో అమ్మకూడదు. మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అలాంటిదే.

పూతరేకుల ఊసు ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ చుట్టలోని వరి రేకును వెలుతురుకు పట్టి చూస్తే దాని మీద సన్నటి గళ్లు కనిపిస్తాయి. ఎందుకని మా అమ్మాయిని అడిగితే, చేత్తో చేసే పద్ధతి చూపిస్తూ ఒక వీడియో పెట్టింది. మరుగుతున్న నీళ్ల కుండ మూతికి బిగించి కట్టిన గుడ్డ మీద వరిపిండి జారుగా పోసి, గరిటె వెనకతో గుండ్రంగా తిప్పుతారు. మూత పెడితే ఆవిరికి నిమిషంలోపే ఉడుకుతుంది. దాన్ని వెదురు పుల్లతో లేపి వెదురు తడికల మీద ఎండేస్తారు. ఆ తడికల అల్లికే రేకు మీద అచ్చుపడుతుంది. మన ఆత్రేయపురం ఆడవాళ్లు బోర్లించిన కుండ కాల్చి, పిండిలో ముంచిన గుడ్డ దాని మీద లాగుతారు. వాళ్లది కుండ మూతి, మనది కుండ వీపు. గుడ్డా, వరిపిండీ, ఆడవాళ్ల చేతి ఒడుపూ రెండు చోట్లా ఒక్కటే. ఆ సంగతి తెలిశాక ఆ హోటల్లో నేను పరాయిదాన్ని కాను అనిపించింది.

ఇంకో సంగతి ఆ హోటల్ పెద్దావిడ కూతురు చెప్పింది, మా అమ్మాయి మాటకు మాట తెలుగు చేస్తుంటే. వాళ్లు వచ్చిన కొత్తలో అమెరికాలో వియత్నాం ఊట దొరికేది కాదట. ఆ దేశంతో వ్యాపారం మీద అమెరికా పెట్టిన నిషేధం 1994 దాకా ఎత్తలేదు. అన్నేళ్లూ థాయ్‌లాండ్ సీసాలు కొని వండుకున్నారు. సొంత ఊరి ఊట కాకపోయినా ఊట మాత్రం మానలేదు. పరాయి దేశంలో, పక్కింటివాళ్లు ముక్కు మూసుకున్నా సరే, మానలేదు.

ఇప్పుడు మన హైదరాబాదుకు వస్తాను.

మీలో ఒకరి హోటల్లో వియత్నాం వంటలున్నాయని తెలిసి నేనే సంబరపడి మావారిని, మా తోటికోడలిని బయల్దేరదీశాను. ఆవిడ పుట్టుకతో శాకాహారి. కోడిగుడ్డు కూడా ఎరగదు. "నాకెందుకమ్మా, మీరు తినిరండి" అంటే, "లేదక్కయ్యా, వాళ్లలో చాలామంది బౌద్ధులు పున్నమికీ చాంద్రమాసం మొదటి రోజుకీ మాంసం ముట్టరు, మీకూ మంచివి ఉంటాయి" అని నేనే నమ్మబలికాను. ఆ మాట నిజమే. వాళ్ల భాషలో ఆ శాకాహారానికి 'చై' అని వేరే పేరే ఉంది. శాన్ హోజేలో అచ్చంగా ఆ వంటలే వండే హోటళ్లున్నాయి.

చుట్టలు వచ్చాయి. లోపల మయొనైజ్. పక్కన గిన్నెలో షెజ్వాన్ సాస్. ఆకుల పళ్లెం లేదు. నా ఫో గిన్నెలో నీళ్లు మొక్కజొన్న పిండి వేసి చిక్కబరిచి ఉన్నాయి, మాంచౌ సూప్ లాగా. వడ్డించే కుర్రాణ్ని పిలిచి, "ఫిష్ సాస్ వేశారా బాబూ?" అని అడిగాను. "లేదు మేడమ్, కస్టమర్లకు ఆ వాసన పడదు. సోయా సాస్ వేస్తాం" అన్నాడు. ఈలోగా అక్కయ్య నాలుగు చెంచాలు తాగింది. చెంచా కింద పెట్టి నెమ్మదిగా, "ఇందులో ఏదో నీచు వాసన వస్తోందే" అంది.

కుర్రాడు ప్యూర్ వెజ్ అన్నాడు. మళ్లీ అడిగితే లోపలికి వెళ్లి కనుక్కుంటానన్నాడు. వంట చేసిన అబ్బాయే బయటికి వచ్చాడు. పాతికేళ్లుంటాయి, మణిపూర్ నుంచి వచ్చాడట. హిందీలో చెప్పాడు. నీళ్లు అన్నిటికీ ఒకటే మేడమ్, పొడితో చేస్తాం, చికెన్ పొడి. అలా చెబుతున్నప్పుడు అతను తల వంచుకునే ఉన్నాడు. అక్కయ్య లేచి వాష్‌బేసిన్ వైపు వెళ్లింది.

చేప కావాలన్న నాకు చేప లేకుండా చేశారు. కోడి వద్దన్న ఆవిడకు కోడి తాగించారు. నిజం చెప్పండి, ఈ రెండూ ఒక చోటి నుంచే వచ్చాయి కదూ? గిన్నెలో ఏముందో తినేవాడికి చెప్పనక్కర్లేదు అనే ధీమా నుంచి.

ఆ అబ్బాయి ఇంకో మాట కూడా చెప్పాడు. వాళ్లింట్లో ఙారి అనే పులియబెట్టిన చేప లేకుండా కూరే ఉండదట. అతనికి ఊట వాసన తెలుసు, ఎంత వేయాలో తెలుసు, ఎముకలు ఎంతసేపు కాచాలో తెలుసు. "నేను చేయగలను, చేయనివ్వరు" అన్నాడు. ఆ మాటకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. పని వచ్చిన చేతిని మీ వంటింట్లోనే పెట్టుకుని కట్టేశారు.

వాసన పడదని ఎవరి గురించి అంటున్నారు? తెలుగువాళ్ల గురించా? ఎండు రొయ్యల పొడి వేడన్నంలో కలుపుకుని నెయ్యి వేసుకునేవాళ్లం మేం. నెత్తళ్లు వేపుతుంటే వీధి మొగదలకు తెలుస్తుంది, అయినా ఆ రోజు చుట్టాలొస్తే ఇంకో గిద్దెడు బియ్యం ఎక్కువ పోస్తామే కానీ పొయ్యి ఆర్పం. అసలు చేప ఎరగని ఇళ్లలో మాత్రం ఇంగువ లేదా? ఇంగువ డబ్బా మూత తీసి పసిపిల్ల ముక్కు దగ్గర పెడితే ఏడుస్తుంది. అదే నేతిలో చిటికెడు పడితే పప్పుచారుకు ప్రాణం వస్తుంది. చేపల ఊటా అంతే. సీసా మూత తీసినప్పుడు వేసే వాసన వేరు, నిమ్మా చక్కెరా నీళ్లూ కలిపాక వచ్చే రుచి వేరు. మీ కస్టమరుకు ఆ రెండోది ఒక్కసారైనా ఇచ్చి చూశారా? ఇవ్వకుండానే అతని నాలుక తరఫున మీరు తీర్పు చెప్పేస్తే ఎలా?

పోనీ, ఎముకల నీళ్లు కాయడం ఈ ఊరికి కొత్తా? పాతబస్తీలో నహారీ రాత్రంతా సన్నసెగ మీద ఉడికి తెల్లారేసరికి కుల్చాతో బల్లల మీదకు వస్తుంది. మసాలా దినుసులు గుడ్డలో మూటగట్టి అందులో వేస్తారు, పోట్లీ అంటారు. ఫోలో కూడా అదే మూట. అనాస పువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, ధనియాలు, నల్ల యాలకులు. ఉల్లీ అల్లమూ నిప్పుల మీద మాడ్చి వేస్తారు. కొన్ని గంటలు, తెర్లనివ్వకుండా, తెట్టు తీస్తూ కాస్తారు, అందుకే ఆ నీళ్లు అంత తేటగా వస్తాయి. మన బిర్యానీలో పడే అనాస పువ్వులో కొంత వియత్నాం ఉత్తరాన లాంగ్ సన్ కొండల నుంచే మన మార్కెట్టుకు వస్తోంది. దినుసు మీ కొట్లోనే ఉంది. నహారీ కాచే ఓపిక ఈ ఊరి వంటవాళ్లకు తరతరాలుగా ఉంది. ఇక పొడి డబ్బా ఎందుకు?

ఊరూరికీ వంట మారుతుందని మీరనవచ్చు. ఒప్పుకుంటాను. ఫో కూడా మారింది. 20వ శతాబ్దం మొదట్లో ఉత్తరాన హనోయ్, నామ్ దిన్ ప్రాంతాల్లో పుట్టింది. ఫ్రెంచివాళ్ల పాలనలో గొడ్డుమాంసం వాడకం పెరగడంతో ఎముకలు చేతికొచ్చాయని చెబుతారు. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు లక్షల మంది ఉత్తరం నుంచి దక్షిణానికి తరలిపోయారు. వాళ్లతో ఫో సైగాన్ చేరింది. అక్కడ తియ్యదనం పెరిగింది, ఆకుల పళ్లెం పక్కన చేరింది. హనోయ్ పెద్దలు ఇప్పటికీ అన్ని ఆకులు ఒప్పుకోరట. అది మార్పు. వండేవాళ్లకు అసలుది తెలిసి, తమ నేల మీద దొరికేది కలుపుకుని చేసుకున్న మార్పు. మొక్కజొన్న పిండీ మయొనైజూ అలా వచ్చినవి కావు. ఫ్రిజ్‌లో ఎలాగూ ఉన్నాయి కాబట్టి వేశారు. మీకు మార్చాలనే ఉంటే మన పుదీనాతో, మన రుద్రజడతో, గోంగూర చిగుళ్లతో మార్చండి. నేనే ముందు వరసలో నిలబడి తింటాను.

ఆ రోజు హోటల్లో కాఫీ మాత్రం బాగుంది, చెప్పకపోతే అన్యాయమవుతుంది. చిన్న రేకు ఫిల్టరులోంచి గట్టి పాల మీద బొట్టుబొట్టుగా దిగుతుంటే మావారు గడియారం కూడా చూడలేదు.

ఇక నా మనవి. మీ మెనూ కార్డు మీద ప్రతి వంటకం కిందా నీళ్లు దేనితో కాచారో తెలుగులో ఒక్క ముక్క రాయండి. ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో వియత్నాం పేర్లు మాత్రమే వేస్తున్నారు. మా వాళ్లకు ఆ పేర్లలో ఏముందో తెలియదు. 'బొ' అంటే గొడ్డుమాంసం, 'గా' అంటే కోడి, 'హెయో' అంటే పంది, 'తోమ్' అంటే రొయ్య, 'కా' అంటే చేప. గొడ్డుమాంసం తినని హిందువులున్నారు, పంది తినని ముస్లింలున్నారు, ఏదీ తినని మా అక్కయ్య లాంటివాళ్లున్నారు. ఆ ఆరు మాటలు, 'చై'తో కలిపి, కార్డు మొదటి పేజీలో అచ్చువేస్తే ఎవరికి కావలసింది వాళ్లు ధైర్యంగా చెప్పుకుంటారు.

శాకాహారులకు వేరే కుండ పెట్టండి. ఖర్చు ఎక్కువవుతుందని అనకండి. ముల్లంగి, క్యారట్, మొక్కజొన్న కంకి, పుట్టగొడుగులు, మాడ్చిన ఉల్లీ అల్లమూ, అదే దినుసుల మూట. వాళ్ల గుళ్లలో, 'చై' హోటళ్లలో ఇలాంటివే వేసి కాస్తారు. అనాస పండుతో, సోయాతో చేసిన శాకాహారపు ఊట కూడా వాళ్లకుంది. అది దొరకకపోతే ఉప్పూ నిమ్మరసంతో సరిపెట్టండి. చికెన్ పొడి వేసి వెజ్ అని మాత్రం అనకండి. ఒకరి జీవితకాలపు నియమాన్ని వాళ్లకు తెలియకుండా మీరు తెంచుతున్నారు. అక్కయ్య ఆ రాత్రి తలస్నానం చేసి దేవుడి ముందు దీపం పెట్టి చాలాసేపు కూర్చుంది. నేను ఆ గది బయటే నిలబడ్డాను, లోపలికి వెళ్లే మొహం లేక.

తినేవాళ్లకు ఊట ఇవ్వండి. సీసాలు మన ఊరి పెద్ద దుకాణాల్లో దొరుకుతున్నాయి. అంతగా భయమైతే గిన్నెలో కలపకుండా పక్కన చిన్న కప్పులో పెట్టి, ఇదేమిటో వడ్డించే కుర్రాడి చేత చెప్పించండి. నెత్తళ్ల ఊట అని తెలుగులోనే చెప్పించండి. బందరువాళ్లూ బాపట్లవాళ్లూ నెల్లూరువాళ్లూ ఆ మాట వింటే కప్పు దగ్గరికి లాక్కుంటారు. ఆకుల పళ్లెం మానకండి. రైతుబజారులో పుదీనా, కొత్తిమీర కట్టలకు ఏపాటి ఖర్చు? అన్నిటికంటే ముందు మీ వంటింట్లో ఆ మణిపూర్ అబ్బాయి లాంటివాడు ఉంటే పిలిచి, అతనికి తెలిసినట్టు ఒక్క కుండ కాయమని చెప్పండి. అది మీరు తాగి చూడండి. ఆకులు తుంచకుండా, ఏమీ కలపకుండా, ముందు ఆ నీళ్లు.

మా అక్కయ్యకు నేను ఇంకా ఏమీ చెప్పలేదు. మీ కార్డు మారిందని తెలిసిన రోజు, ముందు నేనొక్కదాన్నే వస్తాను. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆ రెండో కుండ మూత తీయించి చూస్తాను. ఆ తర్వాతే ఇంటికి వెళ్లి ఆవిడను మళ్లీ అడుగుతాను.

ఇట్లు,
మీలో ఒకరి హోటల్లో అయిదో బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ